వీల్‌చైర్ కవర్లకి ఏ బట్ట తీస్కోవాలి: ఇక్కత్, కలంకారీ, జీన్స్, పట్టంచు... దేనికేది నప్పుతది

వీల్‌చైర్ ఇంటికొచ్చిన కొత్తలో చాలా ఇళ్ళలో వినిపించే మాట ఒకటే, ఏంటిది హాస్పిటల్ నుంచి ఎత్తుకొచ్చినట్టుంది అని. నల్ల రెక్సిన్, మెరిసే స్టీల్ పైపులు, అంతే. క్యాంపులో ఇచ్చిన అలింకో (ప్రభుత్వ కంపెనీ) మడత కుర్చీ అయినా, మెడికల్ షాపులో కొన్నదైనా చూడ్డానికి అన్నీ ఒక తల్లి పిల్లలే. ఇంట్లో కుట్టు మిషన్ ఉంటే దీనికి చక్కటి కవర్లు కుట్టేస్కోవచ్చు, పెద్ద పనేం కాదు, కానీ సికింద్రాబాద్ జనరల్ బజార్‌కి పోయి బట్టల ముందు నిలబడ్డాక మొదలవుతది అసలు తలనొప్పి: ఇక్కత్ తీస్కోవాలా, కలంకారీనా, గట్టిగా ఉంటదని జీన్స్ బట్టా, లేదంటే బీరువాలో ఊరికే పడున్న పట్టు చీర కోసేయాలా.

మా అత్తమ్మ కుర్చీకి కుట్టడంతో మొదలై, తర్వాత అపార్ట్‌మెంట్‌లో, చుట్టాల్లో అడిగినవాళ్ళకి కూడా కుడుతూ వచ్చాక నేను తేల్చుకున్నది ఏంటంటే, ముందు బట్ట చూడొద్దు. కుర్చీలో ఏ భాగానికి కుడుతున్నాం, దాన్ని రోజూ చూసేదెవరు, తాకేదెవరు, అది చూడండి. బట్ట దానంతట అదే తేలిపోతది.

ఎందుకంటే కూర్చున్న మనిషికి తన కుర్చీలో ఏం కనిపిస్తది చెప్పండి. చేతుల కింద ఆర్మ్‌రెస్టులు, ఒళ్ళో పెట్టుకునే సంచి, మహా అయితే పక్క ప్యానెళ్ళు. వీపు వెనక భాగం ఆ మనిషికి కనపడనే కనపడదు. కానీ అందరం ముందు కుట్టేది దానికే, పెద్దగా ఉంటది, డిజైన్ బాగా కనిపిస్తది, తోసేవాళ్ళ కళ్ళ ముందు ఉంటది కాబట్టి. తప్పని కాదు, కానీ కుర్చీ ఆవిడది, డెకరేషన్ మనకి అన్నట్టు అయిపోతది. అందుకే నేనైతే ఎవరు అడిగినా ముందు ఆర్మ్‌రెస్టులతో మొదలుపెట్టమంటా. బట్ట తక్కువ పడతది, కుట్టు తేలిక, కూర్చున్న మనిషికి రోజంతా కళ్ళ ముందుంటది.

కొనేముందు ఇవి చూస్కోండి

అన్నిటికన్నా ముందు చర్మం. వెన్నెముక దెబ్బ తగిలినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్ళు, వీళ్ళకి కింద ఏదైనా ఒత్తుకుంటున్నా తెలీదు. లావుపాటి కుట్టు, బటన్, ఎంబ్రాయిడరీ ముడి, ఏదైనా సరే పిరుదుల ఎముకల కింద పడితే కొన్ని గంటల్లోనే చర్మం ఎర్రబడి పుండుకి దారి తీయొచ్చు, ఆ పుండు మానడానికి నెలలు పట్టొచ్చు. అందుకని సీటు విషయంలో నా మాట సూటిగా చెప్తున్నా: సీటు జోలికి పోకండి. జెల్ కుషన్, గాలి కుషన్ లాంటివి వాడేవాళ్ళయితే అసలే వద్దు, వాటి మీద కంపెనీ వేసిచ్చే కవర్ సాగేది, మనిషి బరువుకి కుషన్ లోపలికి దిగాలి కాబట్టే అట్లా చేస్తారు. దాని మీద మనం బిగుతుగా కాటన్ కవర్ తొడిగితే కుషన్ దిగదు, బట్ట మీదే మనిషి వేలాడినట్టు కూర్చుంటాడు, అంత డబ్బు పోసి కొన్న కుషన్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే.

రెండోది చక్రాలు. వేలాడేది ఏదీ ఉండొద్దు. కుచ్చులు, టాసిల్స్, పొడుగు నాడాలు, లేస్ చివర్లు, ఇవన్నీ స్పోక్స్‌లో పడేవే. మన దగ్గర చీర కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకోవడం ఎట్లాగూ ఉన్న భయమే, దానికి తోడు మనం ఇంకొకటి తగిలించొద్దు. బ్రేక్ లివర్ పూర్తిగా ముందుకీ వెనక్కీ తిరిగేటట్టు ఉండాలి, చేత్తో తిప్పే రింగుకి బట్ట అసలు చుట్టొద్దు.

మడత సంగతి చాలామంది మర్చిపోతారు. మన మడత కుర్చీల కింద కత్తెర ఆకారంలో పైపులు ఉంటాయి, సీటు మధ్యలో పట్టుకుని పైకి లాగితే రెండు పక్కలు దగ్గరికొస్తాయి. వీపు కవర్ స్టిఫ్‌గా నిలబడాలని లోపల అట్ట గానీ మందం బకరం గానీ పెట్టారనుకోండి, కారు డిక్కీలో పెట్టాలన్నప్పుడల్లా కవర్ ఊడదీయాలి.

ఇంక మందం. డైనింగ్ టేబుల్ ఎత్తు, ఆర్మ్‌రెస్ట్ ఎత్తు దాదాపు సమానం, రెండూ 29, 30 అంగుళాల దగ్గరే ఉంటాయి. ఇప్పటికే టేబుల్ కిందికి అంగుళం సందుతో దూరే కుర్చీ అయితే మీరు మెత్తగా ఉండాలని అంగుళం స్పాంజి పెట్టి కుట్టాక ఇంక దూరదు, ఆ మనిషి అప్పట్నుంచి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తినాలి. పక్కలకి తగిలించే సంచులదీ ఇదే గొడవ. 18 అంగుళాల సీటున్న కుర్చీ మొత్తం వెడల్పు 25 అంగుళాల అటూ ఇటూ ఉంటది, మన ఫ్లాట్లలో బాత్రూమ్ తలుపు రెండున్నర అడుగులుంటే గొప్ప, ఫ్రేమ్ పోగా మిగిలేది ఇంకా తక్కువ. టేపు పెట్టి కొలిచాకే డిజైన్ సంగతి ఆలోచించండి.

ఎండ, ఉతుకుడు గురించి చెప్పేదేముంది, ఏప్రిల్ మే నెలల్లో హైదరాబాద్‌లో ఏ బట్ట ఒంటికి అంటుకుంటదో అందరికీ తెలుసు. ఆర్మ్‌రెస్ట్ మీద చెమట, పసుపు, కూర చుక్కలు పడతాయి, వీపు పైభాగంలో తల నూనె అంటుతది. వారం తిరక్కుండా ఉతకాల్సిందే. కాబట్టి తీసి వేసుకోవడం సులువుగా లేని కవర్ ఎంత అందంగా ఉన్నా దండగ.

ఇప్పుడు బట్టల సంగతి

పోచంపల్లి ఇక్కత్ కాటన్. నా ఓటు దీనికే, దాచుకోవడం దేనికి. ఇక్కత్‌లో నేయకముందే నూలుకి కట్లు కట్టి రంగులద్దుతారు, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు, అందుకని డిజైన్ బట్టకి రెండు వైపులా దాదాపు ఒకేలా వస్తది. చీరలో దీని లాభం మనకంతగా తెలీదు గానీ వీల్‌చైర్ వీపు కవర్‌కి మాత్రం మస్తు పనికొస్తది, వెనక్కి వేలాడే రెక్కకి లోపలి వైపు, బయటి వైపు రెండూ కనిపిస్తాయి కదా, లైనింగ్ వేయక్కర్లేదు. ఒక వైపు ఎండకి వెలిసిపోతే విప్పి తిరగేసి కుట్టుకోవచ్చు కూడా. కాటన్ కాబట్టి చెమట పీలుస్తది, మరీ పల్చన కాదు మరీ మందం కాదు, మామూలు ఇంటి మిషన్ మీద 14 నంబర్ సూదితో హాయిగా నడుస్తది.

బాధ ఏంటంటే కోసిన అంచు పోగులు తొందరగా ఊడిపోతాయి. ఇంటర్‌లాక్ కొట్టించండి, లేదంటే అతుకుని లోపలికి మడిచి రెండోసారి కుట్టేయండి. ఇంకోటి, రెండు ఆర్మ్‌రెస్టుల మీద డిజైన్ ఒకే చోట రావాలంటే బట్ట కొంచెం ఎక్కువ పోతది, ఒకదాని మీద వజ్రం నడిమధ్యలో, రెండోదాని మీద సగం తెగి ఉంటే కూర్చున్నవాళ్ళకి రోజంతా అదే కనిపిస్తా ఉంటది. బజార్లో ఇక్కత్ ప్రింట్ అని కూడా అమ్ముతారు, చౌక, దాన్ని తప్పు పట్టను, కానీ ఇక్కత్ ధర మాత్రం ఇవ్వకండి. తిప్పి చూడండి, వెనక వైపు తెల్లగా పాలిపోయి ఉంటే అది ప్రింటే. 2005లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన నేత ఇది, సిటీ నుంచి గంటన్నర ప్రయాణంలో ఊరే ఉంది, ఓపికుంటే పోచంపల్లి పోయి నేసేవాళ్ళ దగ్గరే కట్ పీసులు అడగండి, కవర్లకి మనకి కావాల్సింది తక్కువే కదా.

కలంకారీ. చూడగానే మనసు లాగేస్తది, ఆ ఎరుపు, ఆ ఆవపిండి పసుపు, ఆ నలుపు గీతలు. అచ్చులతో వేసే మచిలీపట్నం, పెడన రకం వేరు, కలంతో చేత్తో గీసే శ్రీకాళహస్తి రకం వేరు. చేత్తో గీసిన ముక్కని కత్తిరించి ఆర్మ్‌రెస్ట్‌కి కుట్టడానికి నాకైతే చెయ్యి రాదు, దాన్ని గోడకి పెట్టుకోండి. అచ్చు రకం తీస్కోండి. బట్ట మెత్తగా ఉంటది, కరక్కాయ నీళ్ళలో ముంచి తీస్తారు కాబట్టి కొత్తలో ఒకలాంటి వాసన కూడా వస్తది, ఉతికితే పోతది.

కానీ ఆర్మ్‌రెస్ట్‌కి కలంకారీ అంత మంచి ఆలోచన కాదు. సహజ రంగులు గట్టి సబ్బు పౌడర్‌ని, రోజూ రుద్దుడుని, నేరుగా తగిలే ఎండని తట్టుకోలేవు. పసుపు మరక పడితే మామూలు కాటన్‌ని సబ్బు పెట్టి ఉతికి ఎండలో ఆరేస్తే (సబ్బు తగలగానే మరక ఎర్రగా మారుతది, కంగారు పడకండి) రెండు మూడు ఎండలకి పోతది, కలంకారీని అట్లా ఎండలో పడేస్తే మరకతో పాటు డిజైనూ పాలిపోతది. వీపు వెనక రెక్కకి వాడండి, అక్కడ రాపిడి ఉండదు, నీడలో ఆరేసుకుంటే ఏళ్ళు వస్తది. రోజూ ఎండలో బయట తిరిగే కుర్చీ అయితే స్క్రీన్ ప్రింట్ కలంకారీనే నయం.

పాత జీన్స్. పైసా ఖర్చు లేదు, ప్రతి ఇంట్లో రెండు మూడు పడుంటాయి, గట్టితనంలో దీన్ని కొట్టేది లేదు. సొంతంగా చక్రాలు తిప్పుకుంటూ ఆఫీసుకీ కాలేజీకీ పోయేవాళ్ళకి మోచేతుల కింద ఏ బట్టయినా అరిగిపోతా ఉంటే జీన్స్ మాత్రం అట్లానే ఉంటది. పైగా వెనక జేబుని జేబుగానే కోసి పక్క ప్యానెల్ మీద కుట్టేస్తే ఫోన్‌కి, మెట్రో కార్డుకి చోటు రెడీ. కుట్టడమే కొంచెం కష్టం. 16 నంబర్ సూది కావాలి, కుట్టు పొడవు పెంచుకోవాలి, ప్యాంటు అతుకుల దగ్గర నాలుగు పొరలు పడ్డచోట మిషన్ మొరాయిస్తది, అక్కడ మోటార్ తొక్కకుండా చేత్తో చక్రం తిప్పుతూ ఒక్కో కుట్టు వేస్కోండి. వీపు మొత్తానికి మాత్రం వేయకండి, మే నెలలో వీపు తడిసి ముద్దయిపోతది, వానాకాలం ఉతికితే రెండ్రోజులు ఆరదు.

పాత కాటన్ చీరలు, బొంత కుట్టు. అమ్మమ్మలు చేసినట్టే, ఉతికి ఉతికి మెత్తబడిన చీర రెండు మూడు పొరలు వేసి దగ్గర దగ్గరగా చేతి కుట్లు. వీపు ఆనుకునే లోపలి వైపుకి దీన్ని మించిన హాయి లేదు. పెద్దవాళ్ళు తమ చీరే అని గుర్తుపట్టి తడుముకుంటూ ఉంటారు, అది వేరే సంగతి. కుంచించుకుపోయే భయం లేదు, ఎప్పుడో కుంచించుకుపోయి ఉంటది. టైమ్ పడతది, అదొక్కటే.

పట్టు, జరీ అంచులు. పెళ్ళికీ ఫంక్షన్‌కీ తప్ప వద్దు. పట్టు మీద వీపు జారుతది, అసలే ముందుకి జారిపోతూ కూర్చునే అలవాటున్న పెద్దవాళ్ళకి ఇది మంచిది కాదు. జరీ మోచేతికి గీరుకుంటది. చీర మొత్తం కోయకుండా అంచు మాత్రం తీసి, కాటన్ కవర్ బయటి వైపు పట్టీలా వేయండి, నారాయణపేట చీరల అంచులు దీనికి భలే ఉంటాయి, రంగు కొట్టొచ్చినట్టుంటది. పెళ్ళికి ప్రత్యేకంగా చేసేవాళ్ళకి ఒక మాట: ఫొటోలు ఎదురుగానే తీస్తారు, వెనక మీరు ఎంత పట్టు తొడిగినా ఆల్బమ్‌లో రాదు, ఆ అంచుని ఆర్మ్‌రెస్ట్ బయటి పక్కకి, మోచెయ్యి తగలనిచోట పెట్టండి.

లంబాడీ పని. అద్దాలు, గవ్వలు, రంగు దారాలు, శిల్పారామంలో ముక్కలుగా కూడా అమ్ముతారు. వీపు వెనక భాగానికి ఒక్క ముక్క, అంతే. మిగతా ఎక్కడ పెట్టినా అద్దం అంచు గీరుతది, శాలువా పోగులు పట్టుకుంటాయి, ఉతకాలంటే భయం. ముక్కని టిచ్ బటన్లతో కవర్ మీద తగిలించుకుంటే ఉతికేటప్పుడు తీసేయొచ్చు. ఆ ముక్కకి గవ్వల కుచ్చులు వేలాడుతుంటే ముందే కత్తిరించేయండి, అవి చక్రాలకి దగ్గర.

రెక్సిన్, వాటర్‌ప్రూఫ్ బట్ట. అన్నం తినిపించేటప్పుడు ఒలికే ఇళ్ళకి, వానలో బయటికి పోక తప్పనివాళ్ళకి. తుడిస్తే చాలు అనే సుఖం ఉంది, ఎండలో పెట్టిన కుర్చీలో చేతులు చురుక్కుమనే బాధా ఉంది. కిందపొరగా వేసి పైన కాటన్ కవర్ తొడిగితే రెండూ సర్దుకుంటాయి. వెల్వెట్, శాటిన్ గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా, ఈ ఊరి ఎండకి వెల్వెట్ వద్దు, శాటిన్ జారుడు.

లైక్రా, టీషర్ట్ బట్ట. సీటు కుషన్‌కి ఏదో ఒకటి వేయాల్సిందే అని ఇంట్లో పట్టుబడితే ఇదొక్కటే, అదీ నాలుగు వైపులా సాగేది, పల్చనిది, పైన కుట్టు లేకుండా అతుకులన్నీ పక్కలకి పోయేటట్టు. స్పర్శ సరిగా లేని మనిషికైతే ఫిజియోథెరపిస్ట్‌కి చూపించకుండా ఇది కూడా వేయొద్దు.

ఒక చూపులో కావాలంటే:

| బట్ట | మే నెల ఎండలో | ఉతుకుడు | రాపిడికి | ఇంటి మిషన్ మీద | ఎక్కడ పెట్టాలి |
|---|---|---|---|---|---|
| ఇక్కత్ కాటన్ | హాయి | మొదటిసారి విడిగా, తర్వాత మామూలే | బాగానే ఆగుతది | తేలిక, పోగులు చూస్కోవాలి | ఆర్మ్‌రెస్ట్, వీపు, సంచి |
| కలంకారీ (అచ్చు) | హాయి | మెల్లగా, నీడలో ఆరేయాలి | అంతంతే | తేలిక | వీపు వెనక రెక్క |
| జీన్స్ | ఉక్క | ఎట్లా ఉతికినా పర్లేదు, ఆరదు | మొండి | కష్టం | ఆర్మ్‌రెస్ట్, పక్కలు, సంచి |
| బొంత | హాయి | సులువు, ఆరడానికి టైమ్ | పర్లేదు | చేతి కుట్టే | వీపు లోపలి వైపు |
| పట్టు, జరీ | చిరాకు | డ్రై వాష్ | తక్కువ | జారుతది | అంచు పట్టీగా మాత్రమే |
| లంబాడీ ముక్క | తగలని చోటే కాబట్టి పర్లేదు | తీసేసి పక్కన పెట్టడమే | గీరుతది | చేతి కుట్టే | వీపు వెనక |
| రెక్సిన్ | మంట | తుడిస్తే చాలు | బాగుంటది | సూది జారదు, పట్టుకుంటది | కింది పొరగా |

దేంతో బిగించాలి

బట్ట కన్నా ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తాయి. వెల్క్రో అందరికీ మొదట గుర్తొచ్చేది, తొందరగా వేయొచ్చు తీయొచ్చు, చేతుల్లో పట్టు లేనివాళ్ళకి కూడా వీలు. కానీ గరుకు వైపు బయటికి ఉంటే చీర కొంగుని, చున్నీని పీకి పెడతది, ఉతికేటప్పుడు మూయకపోతే ఇంట్లో ఉన్న వెంట్రుకలన్నీ దానికే. గరుకు వైపు ఎప్పుడూ కుర్చీ వైపు చూసేటట్టు కుట్టండి. ఎలాస్టిక్ ఆర్మ్‌రెస్ట్‌కి బెస్ట్, ఏడాదిలో వదులైపోతది, కానీ ఎలాస్టిక్ దూర్చే మడతలో చిన్న సందు వదిలి పెట్టుకుంటే పిన్నీసుతో కొత్తది ఎక్కించడం అయిదు నిమిషాల పని. టిచ్ బటన్లు వీపు పక్కలకి బాగుంటాయి, వీపు లోపలి వైపుకి మాత్రం రానీయకండి. నాడాలు చూడ్డానికి అందం, చిన్నగా కట్టి చివర్లు లోపలికి దోపేస్తేనే, లేదంటే చక్రాల పాలు. జిప్ సంచికి తప్ప ఎక్కడా అవసరం లేదు.

ఆర్మ్‌రెస్ట్ కొలతలు ఒకసారి చెప్తా, ఎవరికైనా పనికొస్తది. మన మడత కుర్చీల ప్యాడ్ 10 అంగుళాల పొడవు ఉంటది, లేదా 14. 10 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న ప్యాడ్ అనుకోండి. వెడల్పుకి పైన 2, రెండు పక్కలకి చెరో అంగుళం, కిందికి తిరగడానికి చెరో అంగుళం, ఎలాస్టిక్ మడతకి చెరో అరంగుళం, మొత్తం 7. పొడవుకి కూడా ఇదే లెక్కలో 15. అంటే 15 బై 7 ముక్క, మూలలు గుండ్రంగా కోసి, చుట్టూ మడిచి ఎలాస్టిక్ దూర్చడమే. ప్యాడ్ కింద పైపు ఉంటది, ప్యాడ్ దానికన్నా వెడల్పు కాబట్టి ఎలాస్టిక్ ఆ అంచు కిందికి పోయి పట్టుకుంటది. మీ కుర్చీకి ప్యాడ్ అంచు లేకుండా పైపుకి సమానంగా ఉంటే ఎలాస్టిక్ నిలవదు, అప్పుడు కింద వెల్క్రో పట్టీలే దిక్కు. నమ్మకం లేకపోతే ముందు న్యూస్‌పేపర్ చుట్టి, అంచులు గోరుతో నొక్కి, ఆ గీతల మీద కత్తిరించి చూస్కోండి.

వీపు కవర్ మాత్రం దిండు గలీబు లాగా పైనుంచి తొడిగేద్దాం అంటే కుదరదు, తోసే హ్యాండిల్స్ వెనక్కి పొడుచుకొచ్చి ఉంటాయి. ముందు రెక్క, వెనక రెక్క రెండూ కోసి, పైన హ్యాండిల్స్ మధ్యలో మాత్రం కలిపి, పక్కల్లో హ్యాండిల్ కింద నుంచి బటన్లు పెట్టాలి. మీ కుర్చీ వెనక కంపెనీ ఇచ్చిన జేబు ఉంటే దాన్ని కప్పేయకండి, మందుల చీటీలన్నీ అందులోనే ఉంటాయి.

ఎవరికి ఏది

కాలు విరిగి రెండు నెలలకి అద్దెకి తెచ్చుకున్న కుర్చీ అయితే ఎక్కువ ఆలోచించొద్దు, ఇంట్లో ఉన్న ఏదో కాటన్ ముక్కతో ఎలాస్టిక్ ఆర్మ్‌రెస్ట్ కవర్లు, అంతే. అద్దె కుర్చీకి గుచ్చేవి, అంటించేవి ఏవీ పెట్టకండి.

ఇంట్లోనే ఉండే పెద్దవాళ్ళకి: ఆర్మ్‌రెస్ట్ ఇక్కత్, వీపు లోపల బొంత. చాలు. వెనక వైపు మీకు ఓపికుంటే కలంకారీ. రంగు వాళ్ళనే అడగండి. మనం ముసలివాళ్ళు కదా అని బూడిద రంగు, గోధుమ రంగు తెస్తాం, వాళ్ళేమో చిలకాకుపచ్చ కావాలంటారు.

సొంతంగా తిప్పుకుని బయటికి పోయేవాళ్ళది వేరే లెక్క. వాళ్ళకి బరువు ముఖ్యం, చాలామంది కుర్చీలకి ఆర్మ్‌రెస్టులే ఉండవు. వాళ్ళకి పక్క గార్డుల మీద జీన్స్ లేదా మందం ఇక్కత్, ఒళ్ళోకి ఒక సంచి. వీపు వెనక పెద్ద బ్యాగు కుట్టి అందులో లాప్‌టాప్, టిఫిన్, నీళ్ళ సీసా అన్నీ పడేయడం మంచిది కాదు, తేలిక కుర్చీలు ర్యాంప్ ఎక్కేటప్పుడు వెనక్కి బోల్తా కొట్టేది ఆ బరువుకే. అందం కోసం చక్రాలకి ఏదైనా కావాలంటే బట్టని నేరుగా స్పోక్స్‌కి చుట్టొద్దు, ప్లాస్టిక్ స్పోక్ గార్డ్ పళ్ళేలు దొరుకుతాయి, దాని మీద బట్ట బిగించి అంటించి, కేబుల్ టైలతో కట్టుకోవాలి.

పిల్లలకి కుట్టేటప్పుడు కుర్చీ మారుతదని గుర్తుంచుకోండి, రెండేళ్ళకో మూడేళ్ళకో పెద్ద సైజు వస్తది. ఖరీదైన బట్ట వద్దు, వాడికి నచ్చిన క్రికెట్ బొమ్మో కార్టూనో ఉన్న ప్రింట్ కాటన్ చాలు. బడిలో తోటి పిల్లలు ముందు కుర్చీని కాదు ఆ బొమ్మని చూస్తారు.

బ్యాటరీ కుర్చీకి ఆర్మ్‌రెస్ట్ కవర్ జాయ్‌స్టిక్‌కి నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోవాలి. జాయ్‌స్టిక్ మీద, ఛార్జింగ్ పెట్టే చోట, బ్యాటరీ పెట్టె చుట్టూ బట్ట వద్దు. నడుము బెల్టు, సేఫ్టీ బెల్టు మీద కూడా వద్దు, బకిల్ దొరకాలి.

మీరే కుట్టాలా, టైలర్‌కి ఇవ్వాలా

చీరకి ఫాల్ వేయడం వచ్చిన ఎవరికైనా ఆర్మ్‌రెస్ట్ కవర్ వస్తది. వీపు కవర్ టైలర్‌కి ఇవ్వొచ్చు, కానీ కొలత నోటితో చెప్పకండి, వాళ్ళు కుర్చీ చూడకుండా సోఫా కవర్‌లా కుట్టేస్తారు, హ్యాండిల్ దగ్గర సందు మర్చిపోతారు. న్యూస్‌పేపర్ ముక్క కోసి, దాని మీద ముందు, వెనక, పైన, హ్యాండిల్ అని రాసి ఇవ్వండి. జీన్స్ మందం పని అయితే కార్లకి సీట్ కవర్లు కుట్టే షాపుల్లో అడగండి, వాళ్ళ మిషన్లు వేరే, నాలుగు పొరలైనా టకటకా దిగిపోతది.

బట్ట కొనడానికి సికింద్రాబాద్ జనరల్ బజార్, కోఠి సుల్తాన్ బజార్, పాతబస్తీ పత్తర్‌గట్టి, ఎక్కడికైనా పోండి. ఎలాస్టిక్, వెల్క్రో, టిచ్ బటన్లు టోకున కావాలంటే బేగంబజార్. ఆ గల్లీల్లోకి వీల్‌చైర్ తోసుకుని పోవడం అయ్యే పని కాదు, బండ్లు, జనం, మెట్లు. అందుకని మనం ఒక్కళ్ళమే పోయి మనకి నచ్చింది తెచ్చేస్తాం. అట్లా కాకుండా షాపులో నిలబడి వీడియో కాల్ చేసి చూపించండి, లేదంటే రెండు మూడు రకాల చిన్న ముక్కలు తెచ్చి ఆర్మ్‌రెస్ట్ మీద పరిచి ఓ పూట ఉంచండి. చెయ్యి ఏ ముక్క మీద పెట్టుకుంటున్నారో చూడండి, నోటితో ఏదైనా పర్లేదులే అనేవాళ్ళ దగ్గర కూడా దాంతో తెలిసిపోతది.

బట్ట పన్నా (వెడల్పు) 44 అంగుళాలుంటే వీపుకీ, ఆర్మ్‌రెస్టులకీ కలిపి ఒకటిన్నర మీటర్ సరిపోతది. కోసేముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయండి, కొత్త కాటన్ మొదటి ఉతుకులో మీటరుకి అంగుళమో అంగుళంన్నరో లోపలికి పోతది. చేనేత బట్ట అయితే ఇంకో అర మీటర్ ఎక్కువే తీస్కోండి, ఆర్మ్‌రెస్టులకి రెండో జత ఇప్పుడే కుట్టి పెట్టేయండి, ఒకటి ఉతుకులో ఉంటే ఇంకొకటి కుర్చీ మీద ఉంటది. ఆర్నెల్ల తర్వాత అదే షాపుకి పోయి అదే రంగు అడిగితే దొరకదు, మళ్ళీ అద్దకం వేసినప్పుడు ఆ ఎరుపు అచ్చం అట్లానే రాదు.